అది బంగారు చర్చి కాదు, బంగారు రేకు అద్దిన చెక్క

సంపాదకుల వారికి నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో పోర్చుగల్ యాత్ర మీద ఒక వ్యాసం వేశారు. వ్యాసం బాగుంది. కానీ పోర్టో నగరంలోని సావో ఫ్రాన్సిస్కో చర్చి దగ్గరికి వచ్చేసరికి, లోపలంతా బంగారమేనని, దానికి 300 కిలోల బంగారు పొడి వాడారని రెండు ముక్కల్లో తేల్చేశారు. ఆ రెండు ముక్కల గురించే ఈ ఉత్తరం. రాస్తూ రాస్తూ పెద్దదైపోయింది. ఓపిగ్గా చదవమని మనవి.

మాది ప్రొద్దుటూరు. మా తాతది, నాన్నది బంగారం పని. నేను కుంపటి ముందు కూర్చున్నది నాలుగైదేళ్లే. ఆ తర్వాత ముప్పై ఒక్క ఏళ్లు ఒక బ్యాంకులో తాకట్టుకు వచ్చే నగలు చూసే అప్రైజర్‌గా చేశాను. గీటురాయి మీద గీసి వన్నె చెప్పడం, రాళ్ల బరువు తీసేసి నికరం ఎంతో లెక్కకట్టడం నా పని. అందుకని బంగారం గురించి ఎవరు ఏ లెక్క చెప్పినా నా మనసు ఊరుకోదు, మళ్లీ కట్టి చూస్తుంది. మీ వ్యాసం చదవకముందే ఆ చర్చి లోపల మూడు సార్లు నిలబడి చూసి వచ్చినవాణ్ణి కాబట్టి ఈసారి అసలే ఊరుకోలేకపోయాను.

మా అమ్మాయి పోర్టోలో యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. మొన్న నవంబరులో నేనూ మా ఇంటావిడా వెళ్లి నెల రోజులున్నాం. నవంబరులో అక్కడ వాన. మన వానలా దంచి కొట్టి ఆగిపోయేది కాదు, పొద్దున మొదలైతే రాత్రి దాకా సన్నగా పడుతూనే ఉంటుంది. అలాంటి ఒక రోజు, తడిసిన రాతి మెట్ల మీద జారకుండా మా ఆవిడ చెయ్యి పట్టుకుని, డౌరో నది ఒడ్డుకు దగ్గర్లో ఉన్న ఈ చర్చికి వెళ్లాం. దాని ముందు నుంచే పాతకాలపు ట్రాం బయలుదేరి నది వెంబడి సముద్రం వైపు వెళుతుంది. ఎక్కువమంది ట్రాం కోసం నిలబడి ఉన్నారు, చర్చి వైపు చూసేవాళ్లు తక్కువ. నిజానికి బయటి నుంచి చూస్తే చూడాలనిపించేది కూడా కాదు. నల్లబడిన గ్రానైట్ గోడలు, గుండ్రటి పెద్ద కిటికీ, అంతే. 1383లో మొదలుపెట్టి 1425 ప్రాంతంలో పూర్తి చేసిన ఫ్రాన్సిస్కన్ సన్యాసుల మఠం చర్చి ఇది. భిక్షమెత్తుకుని బతకాలని నియమం పెట్టుకున్న సన్యాసులు కట్టుకున్న రాతి గోడలు ఎలా ఉంటాయో అలాగే ఉన్నాయి.

టికెట్ తీసుకుని లోపలికి అడుగుపెట్టగానే ముందు చీకటే. నీళ్లు కారుతున్న గొడుగు ముడుస్తూ తలెత్తాను. కళ్లు అలవాటు పడేకొద్దీ గోడల్లోంచి రంగు బయటికి రావడం మొదలైంది. నగల షాపులో లైట్ల కింద మెరిసే పచ్చదనం కాదది. పాత పసుపుకొమ్ము విరిస్తే లోపల కనిపించే రంగు. స్తంభాల మీద, కమానుల మీద, పైకప్పు మీద, ప్రార్థన చేసే బలిపీఠాల మీద, ఎక్కడ చూసినా అదే. కొంచెం దగ్గరికి వెళ్తే అది రంగు కాదు, ఆకులు, తీగలు అని తెలిసింది. మెలి తిరిగిన స్తంభాలకు ద్రాక్షతీగ చుట్టుకుని పైకి పాకుతుంది. గుత్తుల మధ్య పక్షులు కూర్చుని గింజలు పొడుస్తుంటాయి. బుగ్గలు ఉబ్బిన చిన్న చిన్న దేవదూతలు ఆకుల సందుల్లోంచి తొంగి చూస్తుంటారు. మా ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నా చెవి దగ్గరికి వచ్చి, "ఏమండీ, ఇది పోత పోసిందా, చెక్కిందా?" అని అడిగింది. నేను చూడగానే చెప్పలేకపోయాను. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాణ్ణి, ఆ మొదటి పది నిమిషాలు నాకు తెలియలేదు.

తెలిసింది ఒక పగులు వల్ల. పక్కన ఉన్న ఒక పీఠం అంచున, చెయ్యి ఆనే ఎత్తులో, బొటనవేలంత మేర పూత ఊడిపోయి ఉంది. ఎన్ని వందల ఏళ్లుగా ఎంతమంది చేతులు తగిలాయో. వంగి కళ్లజోడు సర్దుకుని చూశాను. అంచున బంగారం, దాని కింద సన్నటి ఎర్ర పొర, ఆ ఎరుపు కింద తెల్లటి పొర, ఆ తెలుపు కింద గోధుమరంగు చెక్క. చెక్క మీద ఉలి దెబ్బ గీత ఇంకా కనిపిస్తోంది. నాలుగు పొరలూ ఒక్క బొటనవేలి జాగాలో, మెట్లు మెట్లుగా. అక్కడ నిలబడ్డంత సేపు నేను ఇంక దేనినీ చూడలేదు. మా అమ్మాయి వచ్చి "నాన్నా, అసలైన పీఠం అటుంది, మీరు ఈ మూల చూస్తున్నారేంటి" అంది.

ఆ పొరల సంగతి మా అమ్మాయి స్నేహితురాలు ఒకమ్మాయి ఆ వారంలోనే ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు చెప్పింది. ఆ పిల్ల పాత చెక్కపనికి మరమ్మతులు చేసే చదువు చదువుతోంది. ఈ పనిని వాళ్లు తాల్యా దోరాదా అంటారట, అంటే బంగారం పూసిన చెక్కడం. చెక్క చాలావరకు చెస్ట్‌నట్ చెట్టుది, కొంత ఓక్. చెక్కడం పూర్తయ్యాక జంతువుల తోలు ఉడికించి తీసిన జిగురు పట్టిస్తారు. దాని మీద సున్నపు పిండిలాంటి తెల్లటి పదార్థాన్ని అదే జిగురులో కలిపి పూతల మీద పూతలు వేస్తారు. ప్రతి పూత ఆరాక నున్నగా రుద్దాలి. ఆ తెలుపు మీద మెత్తటి ఎర్రమట్టి పూస్తారు. ఎర్రమట్టిని తడిపి, దాని మీద బంగారు రేకు వదులుతారు. రేకు వేలితో పట్టుకునేది కాదు, ఊపిరి తగిలితే ఎగిరిపోతుంది, అందుకని కుంచెతోనే ఎత్తాలి. తడి ఆరాక రాయితో మెరుగు పెడతారు.

ఆ రాయి దగ్గర నేను అన్నం తినడం ఆపేశాను. ఆ పిల్ల సంచిలోంచి తన పనిముట్టు తీసి చూపించింది. కర్ర పిడికి ఇత్తడి బిగింపు, దాని చివర కుక్క కోరలా వంగిన నున్నటి అగేట్ రాయి. మా తాత పెట్టెలో అలాంటిదే ఒకటి ఉండేది. కొంచెం పొట్టిది, పిడికి దారం చుట్టి ఉండేది. నగకు చివరి మెరుగు దానితోనే పెట్టేవాడు. చిన్నప్పుడు నేను దాన్ని బుగ్గకు ఆనించుకుని చల్లగా ఉందని ఆడుకునేవాణ్ణి, చూస్తే తిట్టేవాడు. ఆ పిల్లకు ఇంగ్లీషు కొంచెమే వచ్చు, నాకూ అంతంతే. అయినా ఆ రాయిని ఏ వైపు వంచి ఎంత ఒత్తాలో ఇద్దరం చేతులతోనే చాలాసేపు మాట్లాడుకున్నాం. ఎర్రమట్టి ఎందుకని అడిగితే, కింద ఎరుపు ఉంటే పైన బంగారం వెచ్చగా కనిపిస్తుందని, మట్టి మెత్తన కాబట్టి రాయి ఒత్తిడికి ఆనుతుందని చెప్పింది. అన్ని చోట్లా మెరుగు పెట్టరని కూడా చెప్పింది. ఆ మాట విన్నాక మర్నాడు మళ్లీ వెళ్లి చూశాను. నిజమే. ఆకు మడత అంచు మెరుస్తుంది, ఆకు పల్లం మసకగా ఉంటుంది. ఆ పని జరిగిన నాటికి అక్కడ ఉన్నది మైనపు వత్తుల వెలుగే కదా. దీపం కదిలితే ఆ మెరుపూ మసకా కలిసి గోడ మొత్తం ఊపిరి తీసుకున్నట్టు ఉండేదేమో అనిపించింది.

రేకు కొట్టేవాణ్ణి వాళ్ల భాషలో బాతె ఫోల్యా అంటారట, ఆకు కొట్టేవాడు అని అర్థం. హైదరాబాదులో చార్మినార్ దగ్గర మిఠాయిల మీద వేసే వెండి వరక్ కొట్టేవాళ్లను చూసినవాళ్లకు ఈ పని ఇట్టే అర్థమవుతుంది. బంగారాన్ని పలచటి పొరల మధ్య పెట్టి గంటల తరబడి సుత్తితో కొట్టి కొట్టి సాగదీయడమే.

ఇప్పుడు 300 కిలోల సంగతి. ఈ లెక్క మీ రచయిత సొంతంగా పుట్టించింది కాదని నాకు తెలుసు. ఆ ఊరి టూరిస్టు గైడ్లు కూడా చెబుతారు, ఒకరు 300 అంటే ఇంకొకరు 400 అంటారు. కానీ కట్టి చూడండి. ఈనాటి బంగారు రేకు మందం మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు. అంటే ఒక గ్రాము బంగారంతో సుమారు అర చదరపు మీటరు కప్పవచ్చు. 300 కిలోలంటే 3 లక్షల గ్రాములు, దానితో కప్పగలిగేది లక్షా 50 వేల చదరపు మీటర్లు, 37 ఎకరాలు. పాతకాలపు రేకు ఇప్పటి దానికంటే మందంగా ఉండేది, ఒప్పుకుంటాను. నాలుగింతలు మందం అనుకుందాం. అప్పుడు కూడా తొమ్మిది ఎకరాల పైమాటే. చెక్కడంలో గుంటలూ మడతలూ ఉంటాయి, రేకు మీద రేకు పడుతుంది, కొంత వృథా పోతుంది, అదంతా కలుపుకున్నా ఒక చర్చి లోపలికి తొమ్మిది ఎకరాల రేకు అంటే నా మనసు ఒప్పుకోవడం లేదు. పైగా అది పొడి కూడా కాదు, రేకు. బ్యాంకులో నా దగ్గరికి ఇలాంటి అంకె ఎవరైనా రాసి తెస్తే నేను సంతకం పెట్టేవాణ్ణి కాదు. మీ పత్రికను మా వీధిలో బడి పిల్లలు కూడా చదువుతారు. వాళ్లు జనరల్ నాలెడ్జి పుస్తకంలో 300 కిలోలు అని రాసుకుంటారు. దయచేసి సరిచూసుకున్నాకే అంకెలు వేయండి.

అంకె కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరొకటుంది. మీ వ్యాసంలో ఆ చెక్క పని చేసినవాళ్ల ఊసే లేదు. పేర్లు దొరకవనుకున్నారేమో, దొరుకుతాయి. చర్చిలో ఎడమ వైపు పెద్ద వంశవృక్షం ఒకటి చెక్కి ఉంది. దావీదు రాజు తండ్రి యెష్షయి కింద పడుకుని ఉంటాడు. ఆయన ఒంట్లోంచి చెట్టు మాను లేస్తుంది. కొమ్మకొకరు చొప్పున యూదా రాజులు పన్నెండు మంది నిలబడి ఉంటారు, అందరికంటే పైన బాలయేసుతో మరియమ్మ. ఈ చెట్టును 1718 నుంచి 1721 మధ్య చెక్కినవాళ్లు ఇద్దరు, ఫిలిప్ ద సిల్వా, అంతోనియో గోమెస్. నేను క్రైస్తవుణ్ణి కాను, ఈ కథ నాకు తెలియదు. ఆ రాత్రి మా పాత బ్యాంకు మిత్రుడికి ఫోన్ చేసి అడిగితే, యెష్షయి మొద్దు నుంచి చిగురు పుడుతుందని యెషయా గ్రంథంలో ఉందని, ఆ మాటకే చెక్క రూపం ఇచ్చారని చెప్పాడు. చెప్తూ చెప్తూ ఆయన గొంతు మారింది. "నేను యాభై ఏళ్లుగా చదువుతున్న వాక్యం, నువ్వు కళ్లతో చూసి వచ్చావు" అన్నాడు.

మూడోసారి వెళ్లింది ఆ చెట్టు కోసమే. పక్క బల్ల మీద కూర్చుని గంటన్నర చూశాను. పన్నెండు మంది రాజుల్లో ఏ ఇద్దరూ ఒకేలా నిలబడలేదు. ఒకడు ఒంటి కాలి మీద బరువు వేసి పక్కకు తిరిగాడు, ఇంకొకడి అంగీ అంచు కొమ్మ మీదుగా జారింది. చెట్టు బెరడు కూడా బెరడులాగే ఉంది, ముడులు ఉన్నాయి. ఇంత పెద్ద పనిలో పై కొమ్మల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి తొందరపడుతుంది, కింద నుంచి ఎవరికీ కనిపించదు కదా అనిపిస్తుంది. అక్కడా తొందర కనిపించలేదు. మా నాన్న వడ్డాణం వెనక వైపు కూడా నగిషీ చేసేవాడు, కట్టుకునే ఆవిడకు తప్ప ఎవరికీ కనిపించదని మేం అంటే వినేవాడు కాదు. అదే గుర్తొచ్చింది.

బంగారం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా రాసి ఉండాల్సింది. ఈ చెక్కపనిలో ఎక్కువ భాగం 17వ శతాబ్దం చివర, 18వ శతాబ్దం మొదట్లో జరిగింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1690ల నుంచి, బ్రెజిల్‌లోని మినాస్ జెరైస్ ప్రాంతంలో బంగారం బయటపడి పోర్చుగల్‌కు ఓడల్లో రావడం మొదలైంది. తవ్విన దానిలో ఐదో వంతు రాజుగారి వాటా. తవ్వినవాళ్లలో అత్యధికులు ఆఫ్రికా నుంచి బలవంతంగా పట్టుకొచ్చిన బానిసలు. నడుం లోతు ఏటి నీళ్లలో పొద్దస్తమానం నిలబడి, చెక్క పళ్లేలలో ఇసుక జల్లించి రేణువులు ఏరినవాళ్లు. చర్చిలో పీఠాలకు ఖర్చు పెట్టిన ధనవంతుల కుటుంబాలు, భక్త సంఘాలు ఎవరో కాగితాల మీద ఉంది. చెక్కినవాళ్ల పేర్లు కొన్నయినా ఉన్నాయి. ఏటిలో నిలబడ్డవాళ్ల పేర్లు ఆ గోడల మీద ఎక్కడా లేవు. బంగారం పని చేసే ఇంట్లో పుట్టినవాణ్ణి, ఈ లోహం చేతికి వచ్చేముందు ఎవరి చేతుల మీదుగా వచ్చిందో మేం ఎప్పుడూ అడగలేదు. ఆ చర్చిలో కూర్చున్నప్పుడు మాత్రం అడగకుండా ఉండలేకపోయాను. లోపల ఒక చోట సెయింట్ ఫ్రాన్సిస్ రాతి విగ్రహం ఉంది. ఒంటి మీది ఖరీదైన బట్టలు తండ్రికి తిరిగి ఇచ్చేసి, పేదరికాన్ని కోరి ఎంచుకున్న మనిషి ఆయన. ఆయన పేరు మీది చర్చిలో ఆ రాతి విగ్రహం దగ్గరే నా మనసు కాస్త కుదుటపడింది.

మఠం ఇప్పుడు లేదు. 1832లో పోర్చుగల్ అంతర్యుద్ధంలో పోర్టో ముట్టడి సమయంలో నిప్పంటుకుని కాలిపోయింది. 1834లో పోర్చుగల్ ప్రభుత్వం సన్యాసుల మఠాలన్నీ రద్దు చేసింది. కాలిపోయిన మఠం జాగాలో 1842 నుంచి వర్తకుల సంఘం వాళ్లు పెద్ద భవనం కట్టారు, బోల్సా అంటారు, చర్చికి ఆనుకునే ఉంటుంది. చెక్క మీద చెక్క పేర్చిన ఈ చర్చి పక్కనే అంత మంట లేచినా బతికి బయటపడటం తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. టికెట్‌తోనే పక్కనున్న సమాధుల నేలమాళిగ కూడా చూడవచ్చు, నేల కింద పేర్చిన ఎముకలు కనిపిస్తాయి. మా ఆవిడ రాలేదు, నేను చూసి వెంటనే వచ్చేశాను.

పోర్చుగల్ దాకా వెళ్లడం అందరివల్లా అయ్యేది కాదు. మన పిల్లలు ఏటా గోవా వెళుతుంటారు, బీచ్ చూసి వచ్చేస్తారు. పాత గోవాలో సే కెథడ్రల్ పక్కనే ఇదే ఫ్రాన్సిస్కన్ సన్యాసుల చర్చి ఒకటి ఉంది, సెయింట్ ఫ్రాన్సిస్ ఆఫ్ అసీసీ చర్చి. 1661లో తిరిగి కట్టిందది. దాని మఠంలోనే పురావస్తు శాఖ మ్యూజియం నడుస్తోంది. అక్కడి పీఠం కూడా బంగారు రేకు అద్దిన చెక్కే. నేను ఇరవై ఏళ్ల కిందట బ్యాంకు వాళ్లతో కలిసి గోవా వెళ్లినప్పుడు ఆ చర్చి ముందు నుంచే నడిచి వెళ్లి బస్సెక్కాను, లోపలికి తొంగి కూడా చూడలేదు. ఈ సంక్రాంతి తర్వాత దానికోసమే మళ్లీ వెళుతున్నాను, టికెట్లు తీసుకున్నాం. వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే ఒక్క మాట. దూరం నుంచి ఫొటో తీసుకుని వచ్చేయకండి. పూత లేచిన చోటు ఎక్కడైనా ఉందేమో దగ్గర నుంచి వెతకండి, ముట్టుకోవద్దు. ఎరుపు, తెలుపు, చెక్క వరసగా కనిపిస్తాయి.

ఈ ఉత్తరంతో పాటు యెష్షయి చెట్టుకు నేను పెన్సిల్‌తో వేసుకున్న బొమ్మ పంపుతున్నాను. బాగా రాలేదు, పై కొమ్మల దగ్గర నా చెయ్యి తొందరపడింది. బొమ్మ వేసినా వేయకపోయినా, ఉత్తరం ప్రచురించేటట్టయితే కింద నా పేరు వద్దు. ఆ జాగాలో చెట్టు చెక్కిన ఇద్దరి పేర్లు వేయండి, మొన్న వ్యాసంలో రావాల్సినవి అవే: ఫిలిప్ ద సిల్వా, అంతోనియో గోమెస్.

ఇట్లు,
మీ పాఠకుడు,
ప్రొద్దుటూరు